కోనసీమలో నాలుగు రోజులు: గదులు, గిటార్లు, గరగలు

సంక్రాంతి రోజుల్లో కోనసీమలో గది దొరకడం ఎంత కష్టమో ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈసారి మేము విన్న సంగీతమంతా ఆ గదుల వెతుకులాట వల్లనే మాకు దక్కింది. నవంబరు చివరి వారంలో అమలాపురం లాడ్జీలకు ఫోన్లు చేయడం మొదలుపెడితే, మామూలు రోజుల్లో 1,500 రూపాయలకు ఇచ్చే గదికి ఒకరు 4,500 అన్నారు, మరొకరు కోడిపందేలకు వచ్చేవాళ్లు కిందటేడే చెప్పి వెళ్లారని ఫోను పెట్టేశారు. చివరికి గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక రిసార్టులో రెండు రాత్రులకూ, అంబాజీపేట దగ్గరి పల్లెలో ఒక ఇంటి పెరటి గదిలో రెండు రాత్రులకూ ఏర్పాటు కుదిరింది. రిసార్టుకు రాత్రికి 7,000 రూపాయలు. భోగి సాయంత్రం అక్కడ బ్యాండ్ల కచేరీ ఉందని చెప్పి మమ్మల్ని ఒప్పించారు. పెరటి గదికి భోజనంతో కలిపి రోజుకు 1,200 రూపాయలు. అక్కడ ఏముందో వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేనూ, నా మిత్రుడూ విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో ఒక బ్యాండు పెట్టాము. అతను డ్రమ్స్, నేను బేస్ గిటారు. ఆంప్లిఫయరు అరువుది. మాకు వచ్చిన పాటలు నాలుగు, అందులో సొంతం ఒకటే, అది కూడా ఎవరూ రెండోసారి అడగలేదు. అప్పటినుంచి ఇప్పటివరకూ మా ఇద్దరి మధ్య ఒక వాదన తెగకుండా మిగిలిపోయింది: ఏ సంగీతాన్ని అసలైనదనాలి? సొంతంగా రాసుకున్నదాన్నా, ఎదురుగా నిలబడి వాయించినదాన్నా, డబ్బు కోసం కాకుండా వాయించినదాన్నా? గోదావరి జిల్లాల్లో ఇంత తర్జనభర్జన ఉండదు. పాడేవాణ్ణి ఒక నిమిషం విని, ‘వీడిలో సరుకుంది’ అంటారు, లేదంటే లేచి వెళ్లిపోతారు.

రాజమండ్రిలో రైలు దిగి ఆర్టీసీ బస్సు ఎక్కాము. జొన్నాడ దగ్గర గౌతమి మీది వంతెన దాటి రావులపాలెం చేరేసరికి జాతీయ రహదారి రద్దీ వెనకబడుతుంది, కొత్తపేట దారిలో కొబ్బరితోటలు రెండువైపులా దగ్గరవుతాయి. పండుగ ముందు రోజు కనుక నిలబడే ప్రయాణించాము. అయినా కండక్టరు అందరికీ టికెట్లు కొట్టి, పైగా మా గిటారు సంచిని డ్రైవరు వెనుక భద్రంగా పెట్టించాడు. ఈ ప్రయాణంలో మేము కొన్న సేవలన్నింటిలో ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చినది అదే.

రిసార్టు గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే నది. అంతవరకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు భోజనం దగ్గర మొదలైంది. పనసకాయలకూ, కందకూ, కొబ్బరికీ పేరుపడిన నేల మీద కూర్చోబెట్టి, విస్తట్లో కాదు సరికదా, గిన్నెల వరసలో పన్నీరు, నూడుల్సు, ఫ్రైడ్ రైసు పెట్టారు. పనసపొట్టు కూర ఉందా అని అడిగితే, వడ్డించే కుర్రవాడు మా ఇంట్లో చేస్తారండి అని నవ్వాడు. వేడినీళ్లకు రెండుసార్లు, దుప్పటికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి రిసార్టు సిబ్బంది అంతా వేదిక పనిలోనే ఉన్నారని తర్వాత తెలిసింది.

పచ్చిక మీద వేదిక కట్టారు, ఎదురుగా గుండ్రటి బల్లలు వేశారు. జనం పళ్లేలు పట్టుకొని కూర్చొని వినే ఏర్పాటు. మొదటి బ్యాండు హైదరాబాదు నుంచి వచ్చింది. వాయిద్యాల మీద పట్టు ఉన్నవాళ్లే. సినిమా పాటలను రాక్ ధోరణికి మార్చి, మధ్యలో ఒక రెండు సొంత పాటలు కలిపి, గంటసేపు ఎక్కడా తడబడకుండా వాయించారు. తడబడే వీలు కూడా లేదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ నుంచి ముందుగా రికార్డు చేసిన తంత్రీ వాద్యాలూ, కోరస్‌లూ వస్తున్నాయి, డ్రమ్మరు చెవిలో తాళం లెక్క టిక్కుటిక్కుమంటోంది. నాలుగో పాటలో ఒక పెద్దాయన లేచి ముందుకు వచ్చి ఎంతో ముచ్చటగా అడుగులు వేశాడు. గాయకుడు ఆయన్ను చూసి పల్లవిని ఇంకోసారి అందుకోబోయాడు, కానీ ల్యాప్‌టాప్ చరణంలోకి వెళ్లిపోయింది, అతనూ దాని వెనకే వెళ్లక తప్పలేదు. పెద్దాయన ఒక క్షణం అలాగే నిలబడి వెళ్లి కూర్చున్నాడు. నా మిత్రుడు నా మోచేతిని పొడిచాడు. నేను ఏమీ అనలేదు.

చివరన వచ్చినవాళ్లు నలుగురు ఇంజనీరింగు విద్యార్థులు. గిటార్ల శ్రుతి ఒకటికి ఒకటి కలవలేదు, ఉన్నవి మూడే కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుత్తులు. ఆక్వా చెరువులు తవ్వాక ఊరి బావి నీరు ఉప్పబడిపోయిందన్న పాటను నిమిషంన్నరలో, ఊపిరి తిప్పుకోకుండా, అరుస్తూ పాడి ఆపేశారు. బల్లల దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్లలో చెరువులున్నవాళ్లు కొందరు ఉండే ఉంటారని నా అనుమానం. నిర్వాహకుడు పక్కనుంచి సినిమా పాట వాయించమని చేత్తో సైగ చేశాడు. కుర్రవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని, మళ్లీ అదే పాట, ఈసారి ఇంకాస్త వేగంగా వాయించారు. వంటవైపు నుంచి మాత్రం ఎవరో ఈల వేశారు.

పంక్ అనే రాక్ సంగీత ధోరణికి ఇంతకంటే తిన్నని అర్థం నాకు తెలియదు. న్యూయార్కులో రమోన్స్ బృందం 1976లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా, మొత్తం నిడివి అరగంట కూడా లేదు. దాని రికార్డింగుకు 6,400 డాలర్లే ఖర్చయింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో, అభిమానులు సొంతంగా అచ్చువేసుకునే ఒక చిన్న పత్రికలో మూడు కార్డుల బొమ్మలు గీసి, ఇక మీరే ఒక బ్యాండు పెట్టుకోండని రాశారు. అయితే మూడు కార్డులతో సరిపెట్టుకున్న ప్రతివాడూ నిజాయితీపరుడని అనుకోవడానికి లేదు. సెక్స్ పిస్టల్స్ బృందాన్ని నడిపించిన మాల్కమ్ మెక్‌లారెన్‌కు లండనులో బట్టల దుకాణం ఉండేది, ఆ తిరుగుబాటు చిరుగుల్లో కొన్ని ఆ దుకాణం నుంచే వచ్చాయి. చిరిగిన చొక్కాకు కూడా ధర చీటీ ఉంటుందని మా తరానికి ఆలస్యంగా తెలిసింది.

సౌండు సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి బాస్ పెట్టెల మోతలో మాట ఒక్కటీ వినబడలేదు. 1965లో న్యూపోర్టు జానపద ఉత్సవంలో అమెరికా జానపద గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వచ్చినప్పుడు జనం గోలచేశారు కదా, ఆ గోల గిటారు మీదనా, వినబడని సౌండు మీదనా అన్న తగువు నేటికీ తీరలేదు. వశిష్ఠ ఒడ్డున కూర్చున్నాక నేను సౌండు పక్షానికి మారాను.

పండుగ నాడు ఉదయం ఆటో మాట్లాడుకొని శంకరగుప్తం వెళ్లాము. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో పుట్టిన ఊరు అది. యాత్రికుడు చూడదగ్గ కట్టడాలకోసం అయితే అక్కడికి వెళ్లనక్కరలేదు, ముగ్గులూ, కాలవలూ, కొబ్బరిచెట్లూ కోనసీమలో ఎక్కడైనా ఉన్నవే. నాకు మాత్రం ముందు రాత్రి మూడు కార్డుల పాట చెవిలో ఉండగానే ఆ ఊరు చూడాలనిపించింది. రాగానికి ఆరోహణ అవరోహణల్లో కనీసం ఐదు స్వరాలుండాలన్న కట్టుబాటును పక్కనపెట్టి, ఆయన నాలుగు స్వరాలతో లవంగి, మహతి రాగాలు కట్టారు, మూడే స్వరాలతో సర్వశ్రీ కట్టారు. అవి రాగాలే కావని, కొత్తవీ కావని వైణికుడు ఎస్. బాలచందర్ 1980ల తొలినాళ్లలో పెద్ద వివాదమే లేవదీశారు. మద్రాసు సంగీత సభల్లో నడిచిన ఆ గొడవకూ, లండను వీధుల గొడవకూ నేను చుట్టరికం కలిపితే మిత్రుడు ఒప్పుకోలేదు. బాలమురళి మూడు స్వరాలతో సరిపెట్టుకున్నది ముప్పై తెలిసినవాడు కాబట్టి, రాత్రి కుర్రవాళ్లకు నాలుగోది రాదు కాబట్టి అని అతని వాదన. అందులో బలం ఉంది. కానీ మూడింటితో నిలబెట్టడం ఇద్దరికీ ఒకే రకమైన పని అని నేను ఇప్పటికీ అంటాను.

ఆ మధ్యాహ్నమే రిసార్టు ఖాళీ చేశాము. రెండో రాత్రి డబ్బు తిరిగి ఇవ్వలేదు. పెరటి గదికి ఆ పూటే చేరుకోవడం మంచిదయింది. నులక మంచం, కిటికీ పక్కన కొబ్బరికాయల రాశి, పెరట్లో స్నానాల గది, దోమతెర. దోమతెర లేకపోతే ఈ గదికి నేను ఇంత మంచి మాట చెప్పేవాణ్ణి కాదు. ఇంటావిడ పెద్దావిడ. ‘మొహమాటపడకండి బాబూ, పండగపూట లెక్కలేంటి’ అంటూ అరిసెలు, పనసపొట్టు కూర, పులిహోర వడ్డించారు. తెల్లవారి అంబాజీపేట సెంటర్లో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాము. రిసార్టు పలహారానికి అయిన ఖర్చులో పదోవంతు కూడా కాలేదు.

కనుమ నాడు జగ్గన్నతోట. మొసలపల్లి దగ్గరి ఈ తోటలో గుడి లేదు, కట్టడం ఏదీ లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద ఎక్కి ఇక్కడ కలుసుకుంటారు. వెదురుతో, తాటి దూలాలతో కట్టిన ప్రభలకు రంగు గుడ్డలు చుట్టి, గంటలు, వరికంకులు, పూలదండలు కట్టి, ఊరి మగవాళ్లు భుజాల మీద మోస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. అయితే శకటం చదును రోడ్డు మీద నడిచింది, ఇక్కడ అసలు కథ రోడ్డు లేనిచోట ఉంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని పొలాల్లోంచి వచ్చి, కౌశిక పాయలో దిగి, మోసేవాళ్లు గొంతువరకు మునిగినా ప్రభ వాలకుండా ఈవలి గట్టెక్కుతాయి.

మేము గట్టు మీద ఒక డప్పుల మేళం పక్కన నిలబడ్డాము. గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు, చర్మం బిగిసేవరకు వేళ్లతో తట్టి చూస్తున్నారు. ఇది కూడా శ్రుతి చేయడమేనని డ్రమ్మరుకు చెప్పనక్కరలేదు, నా మిత్రుడు అక్కడే చతికిలబడిపోయాడు. ప్రభ నీళ్లలోకి దిగగానే దరువు సన్నగిల్లింది, ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క దెబ్బ. మధ్యలో ప్రభ ఒక పక్కకు ఒరిగింది. డప్పులు ఆగిపోయాయి, మోకుల దగ్గరివాళ్ల కేకలు మాత్రమే వినబడుతున్నాయి. నిలదొక్కుకున్నాక ఒక్క డప్పు మెల్లగా అందుకుంది, మిగిలినవి చేరాయి. గట్టెక్కే మెరకలో ‘అశ్శరభ’ అన్న కేకలతో కలిసి దరువు ఎంత వేగం అందుకుందంటే, నా మిత్రుడికి దాని లెక్క దొరకలేదు. తర్వాత మేళంలో పెద్దాయన్ను అడిగాడు: ఎక్కడ ఆపాలో, ఎక్కడ పెంచాలో ముందే అనుకుంటారా అని. ‘అనుకోవడానికేముందండి, దేవుడు నడిచినట్టు మేం కొట్టాలి గానీ, మేం కొట్టినట్టు దేవుడు నడవడు కదండీ’ అన్నారాయన.

భోగి రాత్రి బల్లల మధ్య నిలబడిపోయిన పెద్దాయన నాకు అప్పుడు గుర్తొచ్చాడు. ల్యాప్‌టాప్‌కు ఆయన అడుగు కనబడలేదు. వాషింగ్టన్ నగరానికి చెందిన ఫుగాజీ అనే బృందం ఐదు డాలర్ల టికెట్టుతోనే కచేరీలు చేసేది. ముందు వరుసల్లో ఎవరైనా తోటివారిని గుద్దుతుంటే పాట మధ్యలోనే ఆపేసి, వాళ్ల ఐదు డాలర్లు వాళ్ల చేతిలో పెట్టి బయటకు పంపేవారు. పాటను ఆపగలగడం, ఆపి మళ్లీ అందుకోగలగడం, ఎదుటి మనిషి అడుగును బట్టి పాట మారడం: మా పాత వాదనలో నేను ఇన్నాళ్లూ వెతికినది ఇదేనేమో. కరెంటు ఉందా లేదా, పాట సొంతమా కాదా అన్నది దాని తర్వాతి సంగతి.

జగ్గన్నతోట తీర్థాన్ని మచ్చలేని పల్లె సంబరమని మెచ్చుకొని వచ్చేయడానికి మాత్రం మనసొప్పదు. కొన్ని ప్రభల ముందు ట్రాక్టరు మీద డీజే పెట్టెలు వచ్చాయి. ప్రభ బురదలో దిగబడి ఆగినా ఆ పాట ఆగలేదు, గరగలు, అంటే అలంకరించిన దేవత ఘటాలు, తలకెత్తుకున్నవాళ్లు తమ గజ్జెల చప్పుడు తమకే వినబడక అడుగు తప్పారు. డబ్బు మాట కూడా ఉంది. డప్పు కొట్టేవాళ్లకు రోజంతా కొడితే ఎంత ఇస్తారని అడిగాను. మనిషికి వచ్చే మొత్తం మా రిసార్టు గది అద్దెలో ఎనిమిదో వంతుకు కొంచెం ఇటూ అటూ. తమిళనాట 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం, మన డప్పులాంటి పరై వాద్యాన్ని గిటార్ల సరసన వేదిక నడిమధ్యన నిలబెట్టింది, ఆ వాద్యాన్ని ఎవరు వాయిస్తారో, వాళ్లను ఊరు ఎక్కడ నిలబెడుతుందో కూడా పాటలోనే పాడింది. మన డప్పు దేవుడి ముందు నడుస్తుంది, ఆహ్వాన పత్రికలో మాత్రం దానికి పేరుండదు. నగరం నుంచి వెళ్లి అసలైన సంగీతం విన్నామని మురిసిపోయే నాలాంటివాళ్లకు ఈ లెక్క కూడా తెలియాలి.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. తోటకు మధ్యాహ్నం ఒంటిగంటలోపే చేరుకోవాలి, ఆ తర్వాత బండ్లు చాలా దూరంలోనే ఆగిపోతాయి. మంచినీళ్లు వెంట ఉంచుకోవాలి. పాయ దాటింపు చూడాలనుకుంటే తోటలో కాదు, గట్టు దగ్గర నిలబడాలి. చెప్పులు పోతే వెతుక్కోకూడదు, మిత్రుడివి పోయాయి.

ముక్కనుమ నాడు సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద వశిష్ఠ దాటి నరసాపురం చేరి రైలెక్కాము. పంటు మీద మోటారు సైకిళ్లు, మేకలు, పండుగ ముగించుకొని వెళ్తున్న కొత్త అల్లుళ్లు. పక్కన ఎవరి ఫోనులోనో భోగి రాత్రి కుర్రవాళ్ల చెరువుల పాట వీడియో మోగుతోంది, మాటలు మొదటిసారి స్పష్టంగా వినబడ్డాయి. వచ్చే కనుమకు పెరటి గదినే చెప్పి వచ్చాము. బయానా ఇవ్వబోతే పెద్దావిడ తీసుకోలేదు, నెల ముందు ఒక ఫోను చేసి రమ్మన్నారు.