హోమర్‌లో హాలిబట్ వేట: ముందు తిథి, తర్వాత గది

అలాస్కాకు హాలిబట్ చేప కోసం వెళ్లేవాళ్లు చాలామంది ముందు విమానం, తర్వాత గది, చివరికి పడవ బుక్ చేస్తారు. ఈ వరస తిరగెయ్యాలి. ఈ చేప ఎప్పుడు ఎక్కడుంటుందో తెలిస్తే మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోవచ్చు.

పసిఫిక్ హాలిబట్ నవంబరు నుంచి మార్చి దాకా 180–450 మీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. ఎండలు వచ్చాక మేత కోసం తీరం వైపు జరుగుతుంది. అందుకే జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు మంచి కాలం. మే నెలలో గదులు చవకే గానీ, చేపలు ఇంకా లోతులోనే ఎక్కువ.

ఇది బల్లపరుపు చేప. పిల్లగా ఉన్నప్పుడు తలకు చెరోవైపు ఒక కన్ను ఉంటుంది. అంగుళం పొడవు పెరిగేసరికి ఎడమ కన్ను మెల్లగా తల మీదుగా కుడివైపుకు వచ్చేస్తుంది. ఇక జీవితమంతా తెల్లటి వైపు నేలకు ఆనించి, ఇసుక రంగు మచ్చల వైపు పైకి పెట్టి పడుకుంటుంది. ఎర దాని ముందు అడుగున ఉండాలి, వాసన నీటి వాలులో దాని దాకా పోవాలి.

ఇక్కడే తిథి పని చేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో హోమర్ ఊరి ముందున్న కాచమాక్ అఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఆరు మీటర్లు దాటుతుంది. ఆ ఉరవడికి రెండు పౌన్ల సీసం గుండు కూడా అడుగున నిలవదు. దారం విల్లులా వంగి ఎర పైకి లేస్తుంది, రోజంతా వృథా. అష్టమి నుంచి దశమి మధ్య వేట పెట్టుకోండి. ఆ రోజుల్లోనూ నీరు మళ్లే ముందు నిలిచే సమయమే అసలు పంట.

ఎర హెర్రింగ్ చేప లేదా సాల్మన్ చేప తల, కొక్కెం గుండ్రంగా వంగిన సర్కిల్ హుక్. చేప తగిలిందని గేలపు కర్రను గుంజితే కొక్కెం నోట్లోంచి జారిపోతుంది. కొత్తవాళ్లు చేపను పోగొట్టుకునేది ఇలాగే. కర్ర బాగా వంగేదాకా ఆగి, తాపీగా రీలు తిప్పాలి.

ఊళ్ల విషయానికొస్తే, అలాస్కాలోని పెద్ద నగరం ఆంకరేజ్ నుంచి 355 కిలోమీటర్ల దూరంలోని హోమర్ మొదటిసారి వెళ్లేవాళ్లకు మేలు. పడవలు ఎక్కువ, హార్బర్ ఉంది, నీళ్లు కాస్త నెమ్మది. దానికి 60 కిలోమీటర్ల ముందున్న నినిల్చిక్ వైపు పడవలను ట్రాక్టర్లతో ఒడ్డు నుంచి నీళ్లలోకి తోస్తారు. అల లేస్తే ఆ రోజు వేట రద్దే, కాబట్టి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. సెవార్డ్‌కు రైల్లో వెళ్లవచ్చు, కారు అక్కర్లేదు. కానీ వేటచోటుకు రెండు మూడు గంటల ప్రయాణం, బయటి సముద్రం ఊపు తప్పదు. వాంతి మాత్ర ముందురోజు రాత్రే వేసుకోవాలి.

హోమర్‌లో సముద్రంలోకి ఏడు కిలోమీటర్లు పొడుచుకుపోయిన గులకరాళ్ల దిబ్బ, స్పిట్, మీద బస చేస్తే తెల్లారుజామున పడవ దగ్గరకు నడిచే వెళ్లవచ్చు. అయితే గాలి విపరీతం, గుడారానికి బరువైన మేకులు కావాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు కొండ మీది గదులే నయం.

లైసెన్సు ఒక రోజుకు 15 డాలర్లు, మూడు రోజులకు 30. అద్దె పడవలకు ఇటీవలి ఏళ్లలో బుధవారాలు హాలిబట్ వేట లేదు. చేపల సంఖ్య, పొడవు నియమాలు ఏటా మారతాయి, ఆ ఏటివి చూశాకే డబ్బు కట్టండి.

కెప్టెన్‌ను తప్పక అడగాల్సింది: చేపను వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు తీసి మంచులో పెడతారా? పెనుగులాడి అలసిన చేపను ఎండలో వదిలేస్తే కండలో ఆమ్లం పెరిగి, వండాక సుద్దలా పొడిపొడిగా తయారవుతుంది. ఈ ఒక్క జవాబే పడవల మధ్య అసలు తేడా.

నూరు పౌన్లు దాటినవి దాదాపు అన్నీ ఆడవే. పెద్దది ఏటా లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. దాన్ని పైకి లాగకుండా, పడవ పక్కనే కొక్కెం తీసి వదిలేయండి. హాలిబట్‌కు గాలితిత్తి ఉండదు కాబట్టి లోతు నుంచి వచ్చినా పొట్ట ఉబ్బదు, క్షేమంగా తిరిగి దిగిపోతుంది. తినడానికి ఇరవై పౌన్లదే రుచి. అందులో సగం బరువు కండగా వస్తుంది. బుగ్గల్లోని రెండు గుండ్రటి ముక్కలు అడిగి తీసుకోండి. కొవ్వు తక్కువ, పులుసులో చివరి ఆరేడు నిమిషాలకే వెయ్యాలి, గరిటె పెట్టి కలపకూడదు.