అసలు వెర్షన్ రాకముందే "కొత్త వెర్షన్" అమ్ముతున్నారు, కొనేముందు చూసుకోండి

ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు డబ్బు కట్టి సపోర్ట్ తీసుకునేవాళ్లు, అందులోనూ సొంత బిల్డ్ (ఆ కోడ్ నుంచి తామే తయారుచేసిన ప్యాకేజీ) చేసి ఇచ్చే కంపెనీల దగ్గర కొనేవాళ్లు కాస్త జాగ్రత్త. అసలు ప్రాజెక్టు ఇంకా బీటాలో, అంటే ఫైనల్‌కు ముందు పరీక్షల దశలో ఉండగానే "కొత్త వెర్షన్ మా దగ్గర రెడీ" అని ఎవరైనా అంటే సంతకం పెట్టకుండా ఆగండి. మాకు అలాంటిదే అంటగట్టారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, పద్ధతి గుర్తుపడితే చాలు.

అది పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ మీద కట్టిన బిల్డ్. కాగితాల మీద వాళ్ల సొంత వెర్షన్ నంబరు, పక్కనే "ప్రొడక్షన్‌కు సిద్ధం" అన్న మాట. లోపల ఉన్నది మాత్రం బీటా కోడ్, దానిమీద ఇండెక్స్‌ల (డేటాను త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికల) సైజు తగ్గించడానికి వాళ్లు వేసిన ప్రయోగాత్మక ప్యాచ్, అంటే కోడ్ మార్పు. ఆ ప్యాచ్‌ను అసలు ప్రాజెక్టు తీసుకోనే లేదు. ఫైనల్ రిలీజ్ వచ్చాక వాళ్లే పంపిన అప్‌డేట్ వేస్తే సర్వర్ లేవలేదు. డేటాబేస్ ఫైళ్లు ఈ సర్వర్‌కు సరిపడవని, క్లస్టర్ (సర్వర్ డేటా మొత్తం) తయారైన కేటలాగ్ వెర్షన్ (డేటాబేస్ లోపలి పట్టికల అమరికకు ఇచ్చే నంబరు) ఒకటి, సర్వర్ కంపైల్ అయిన కేటలాగ్ వెర్షన్ ఇంకొకటి అని లాగ్‌లో ఉంది. డేటా ఎక్కడికీ పోలేదు, కానీ కొత్త సర్వర్ దాన్ని ముట్టుకోదు. పాత డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ అప్‌గ్రేడ్ టూల్ నడిపితే అదీ మధ్యలో ఆగింది. ప్యాచ్‌తో వచ్చిన ఇండెక్స్ ఆప్షన్ పేరు కొత్త సర్వర్‌కు తెలియదు, గుర్తించని పారామీటర్ అంటూ తిప్పికొట్టింది.

"అప్‌స్ట్రీమ్ వాళ్లు (అంటే అసలు ప్రాజెక్టు వాళ్లు) మార్చారు, మా చేతుల్లో ఏముంది?" అని సపోర్ట్ వాళ్లు చల్లగా చెప్పారు. బీటాలను ప్రొడక్షన్‌లో వాడొద్దని, ఒక బీటా నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే అప్‌గ్రేడ్ గానీ డంప్, రీస్టోర్ (డేటాను బయటికి తీసి మళ్లీ ఎక్కించడం) గానీ చేయాల్సి రావచ్చని పోస్ట్‌గ్రెస్ వాళ్లు ముందే చెబుతారు. అమ్మినవాళ్లకు ఇది తెలియదంటే నేను నమ్మను.

రిలీజ్ ముందు నెలల్లో కోడ్‌లో ఉన్నదల్లా ఫైనల్‌లో ఉంటుందన్న గ్యారంటీ ఎప్పుడూ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఏప్రిల్‌లో ఫీచర్ ఫ్రీజ్ (ఇక కొత్త ఫీచర్లు కలపకుండా ఆపడం), మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో రిలీజ్. 2022లో ఎస్‌క్యూఎల్/జేసన్ ఫీచర్లు (జేసన్ ఫార్మాట్ డేటాను ఎస్‌క్యూఎల్‌తో వాడుకునేవి) బీటాల్లో ఉండి కూడా సెప్టెంబర్ మొదట్లో తీసేశారు. అక్టోబర్ 13న వచ్చిన వెర్షన్ 15లో అవి లేవు. వాటిలోని జేసన్ టేబుల్ 2024లో వెర్షన్ 17 దాకా రాలేదు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.13లో కొత్త గార్బేజ్ కలెక్టర్‌ను (వాడని మెమరీని ఖాళీ చేసే భాగాన్ని) ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకుని, ఇంకో రిలీజ్ క్యాండిడేట్ (ఫైనల్‌కు ముందు ఇచ్చే పరీక్ష వెర్షన్) ఇచ్చి, 2024 అక్టోబర్ 1న రావాల్సిన ఫైనల్‌ను 7కు జరిపారు. లినక్స్ కెర్నల్‌లో ప్రతి వెర్షన్‌కూ మొదటి రెండు వారాల మెర్జ్ విండో (కొత్త కోడ్ కలుపుకునే గడువు) అయ్యాక సరిదిద్దడమే తప్ప కొత్తవి కలపరు. ఆ దశలో కొత్త పనులు పంపడం మీద ముదిరిన గొడవతోనే బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ 2025లో కెర్నల్ నుంచి బయటకు పోయింది.

ఇందులో ప్రాజెక్టుల తప్పేమీ లేదు. కుదరనిదాన్ని తీసేసే వీలు ఉండాలనే ఫ్రీజ్ పెడతారు. ప్రయోగం చేయాలనుకుంటే తర్వాతి వెర్షన్ బ్రాంచ్ తెరిచిన వెంటనే చేస్తే నెలల తరబడి పదిమంది వాడి చూస్తారు. ఫ్రీజ్‌లో ఉన్న కోడ్‌కు సొంత ప్యాచ్ తగిలించి అమ్మితే మాత్రం ఆ పరీక్ష మన డేటా మీద, మన ఖర్చుతో జరుగుతుంది.

కొనేముందు వాళ్ల సర్వర్‌లో వెర్షన్ క్వెరీ మీ ముందే నడిపించి, వచ్చిన లైను యథాతథంగా ఇమ్మనండి. ఏ కమిట్ (అసలు కోడ్ చరిత్రలో నమోదైన ఏ మార్పు) మీద బిల్డ్ చేశారు, పైన ఏయే ప్యాచ్‌లు వేశారు, వాటిలో అప్‌స్ట్రీమ్ ఏవి తీసుకుంది అన్నది రాతపూర్వకంగా అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్యాచ్‌తో వచ్చే ఫీచర్ ఆపేస్తే డిస్క్ మీదున్న డేటా మామూలు ఫార్మాట్‌లోకి తిరిగొస్తుందా అని అడగండి. మాకు అమ్మినవాళ్లు నీళ్లు నమిలింది ఇక్కడే. అప్‌స్ట్రీమ్ తీసేసినా, తీసుకోకపోయినా డేటా మార్చే ఖర్చు అమ్మినవాళ్లదేనని ఒప్పందంలో రాయించండి. "అవసరమైతే చూద్దాం" అన్న మాట తర్వాత పనికిరాదు.

ఇప్పటికే ఇలాంటి బిల్డ్ నడుపుతున్నారా? అప్‌డేట్ వేయకండి. పాత ఇన్‌స్టాల్ ప్యాకేజీలు వాళ్ల రిపోజిటరీలో మాయం కాకముందే దించి దాచుకోండి. ఫైళ్ల కాపీ ఉంది కదా అని ధీమా వద్దు, దాన్ని తెరవాలన్నా అదే బిల్డ్ కావాలి. పాత సర్వర్ నడుస్తుండగానే పీజీ డంప్ తీసి, ప్యాచ్‌లు లేని అసలు పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కించి చూడండి. గుర్తించని ఆప్షన్ అని ఎర్రర్ వస్తే స్కీమాలో (డేటాబేస్ నిర్మాణం రాసి ఉన్న భాగంలో) ఆ ఇండెక్స్ లైన్లను మామూలు ఇండెక్స్‌లుగా మార్చి మళ్లీ ఎక్కించండి. మేము బయటపడింది అలాగే.