ఫీవర్‌ఫ్యూ, శొంఠి, పెప్పర్‌మింట్, బటర్‌బర్: మైగ్రేన్‌కు దీర్ఘకాలం వాడాక ఒక సమీక్ష

మైగ్రేన్ ఉన్నవాళ్లు మూలికల వైపు తిరిగితే ఎక్కువగా ఎదురయ్యే పేర్లు ఈ నాలుగే. చాలాకాలం వాడి, వాటి వెనక ఉన్న రసాయన శాస్త్రం చదివాక నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఫీవర్‌ఫ్యూ నెమ్మదిగా, ఒక మోస్తరుగా పనిచేస్తుంది, ఓపిక ఉన్నవాళ్లకే అది. శొంఠి నొప్పి మొదలయ్యేటప్పుడు పనికొస్తుంది, ముఖ్యంగా వికారానికి. పెప్పర్‌మింట్ నూనె తోడు మందు మాత్రమే. బటర్‌బర్ జోలికి అసలు వెళ్లొద్దు. సీసా మీద మొక్క పేరు ఒక్కటే చూసి కొంటే మాత్రం ఈ తీర్పులో ఏదీ వర్తించదు. ఒకే మొక్క ఆకుపొడిగా, కషాయంగా, సారంగా వచ్చినప్పుడు లోపల ఉండేది ఒకే మందు కాదు.

ఫీవర్‌ఫ్యూతో మొదలుపెడతాను, చెప్పాల్సింది దాని గురించే ఎక్కువ. ఇది చామంతి కుటుంబపు మొక్క, శాస్త్రీయ నామం టనాసెటమ్ పార్థీనియమ్. ఇందులో అందరూ లెక్కపెట్టే పదార్థం పార్థినోలైడ్. ఇది 15 కార్బన్లున్న సెస్క్విటెర్పీన్ లాక్టోన్ అనే రకం మొక్క రసాయనం, అణుభారం సుమారు 248. అణువులో చురుకైన చోట్లు రెండు: లాక్టోన్ వలయానికి ఉన్న మిథిలీన్ ఒకటి, ఎపాక్సైడ్ అనే చిన్న ఆక్సిజన్ వలయం ఇంకొకటి. మిథిలీన్ భాగం ప్రోటీన్లలోని సిస్టీన్ గంధకాన్ని పట్టుకుని దానితో బంధం ఏర్పరుచుకుంటుంది. వాపును నడిపించే ఎన్‌ఎఫ్ కప్పా బి వ్యవస్థను ఇలాగే అడ్డుకుంటుంది. నొప్పి నరాల మీద టీఆర్‌పీఏ1 అనే అయాన్ ద్వారం ఉంటుంది. పార్థినోలైడ్ దాన్ని మొదట కొద్దిగా తెరిచి, ఆ తర్వాత మొద్దుబారుస్తుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మొద్దుబారిన నరం నుంచి సీజీఆర్‌పీ అనే, నొప్పి సంకేతాన్ని మోసే పెప్టైడ్ విడుదల తగ్గుతుంది. కొత్త తరం మైగ్రేన్ ఇంజక్షన్లు గురిపెట్టేది ఈ పెప్టైడ్ మీదే. ఈ ద్వారం తలనొప్పికి ఎంత దగ్గరో తెలియాలంటే కాలిఫోర్నియా బే లారెల్‌ను చూడాలి. దాని ఆకుల వాసన తలనొప్పి తెప్పిస్తుందని ఎప్పటినుంచో పేరుంది. అందులోని అంబెల్లులోన్ అదే టీఆర్‌పీఏ1ను గట్టిగా తెరుస్తుంది.

పార్థినోలైడ్‌కు ఉన్న ఈ చురుకుదనమే దానితో వచ్చే ఇబ్బందులకూ మూలం. పచ్చి ఆకు నమిలేవాళ్లలో కొందరికి నోటిపూత వస్తుంది, నాలుక మండుతుంది, కొందరికి రుచి తెలియకుండా పోతుంది. క్యాప్సూల్ మింగితే ఆకు నోటి పొరకు తగలదు కాబట్టి ఈ బాధ బాగా తగ్గుతుంది. నిలవలోనూ ఇదే గొడవ. వేడికి, తేమకు పార్థినోలైడ్ తరిగిపోతుంది. పులుపు, క్షారం కొలిచే పీహెచ్ 5 నుంచి 7 వరకు నిలకడగా ఉంటుంది, 3 కన్నా దిగినా 7 దాటినా విరిగిపోతుంది. నీటిలో అంతగా కరగదు, కాబట్టి టీ కాచుకుని తాగే పద్ధతిని నేను సిఫారసు చేయను. ఎంత దిగిందో తెలియని కషాయం తాగి మందు పనిచేయలేదనడం మొక్కకు అన్యాయం.

పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కారణం వెతికితే మళ్లీ మందు రూపం దగ్గరికే వస్తాం. 1988లో నాటింగ్‌హామ్‌లో 72 మందితో జరిగిన పరీక్షలో రోజుకొక ఎండుటాకు క్యాప్సూల్ ఇచ్చారు. మైగ్రేన్ దాడుల సంఖ్య సుమారు 24 శాతం తగ్గింది, వచ్చిన దాడి ఎంతసేపు ఉంటుందన్నది మాత్రం మారలేదు. 1996లో నెదర్లాండ్స్‌లో 50 మందికి ఆల్కహాల్‌తో తీసిన సారం ఇచ్చారు, రోజుకు 0.5 మిల్లీగ్రాముల పార్థినోలైడ్ ఉండేలా. ఉపయోగం కనిపించలేదు. 2005లో కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన ఎంఐజీ-99 అనే సారాన్ని 6.25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 16 వారాలు, మొత్తం 170 మంది పాల్గొన్న పరీక్షలో చూశారు. నెలకు దాడులు మందు తీసుకున్నవాళ్లలో 1.9, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 1.3 తగ్గాయి. తేడా 0.6. నెలకు ఐదారు దాడులు వచ్చే మనిషికి ఇది చిన్న విషయం కాదు, అద్భుతమూ కాదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. మందుల ప్రమాణాలు చెప్పే ఐరోపా ఫార్మకోపియా ప్రకారం ఎండుటాకులో పార్థినోలైడ్ కనీసం 0.2 శాతం ఉండాలి. అంటే 100 మిల్లీగ్రాముల ఆకుపొడిలో 0.2 మిల్లీగ్రాములు. 1996 నాటి సారంలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువే ఉంది, అయినా పనిచేయలేదు. పార్థినోలైడ్ అంకె ఒక్కటే మందు బలాన్ని చెప్పదని నేను నమ్మడానికి ఇదే కారణం. ఆకులో ఫ్లేవొనాయిడ్లు, కర్పూరం, క్రిసాంథెనిల్ అసిటేట్ లాంటివి కూడా ఉన్నాయి. ఏ ద్రావకంతో తీస్తే వాటిలో ఏవి వస్తాయి, ఏవి వెనక ఉండిపోతాయి అన్నది మారిపోతుంది. అయినా ఆ అంకెను పట్టించుకోవాలి, ఎందుకంటే సరుకు అసలుదో కాదో, తాజాదో కాదో చెప్పే గుర్తు అదే.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. మొక్క శాస్త్రీయ నామం పూర్తిగా ఉండాలి. ఆకుపొడా, సారమా, సారమైతే ఏ ద్రావకం అన్నది రాసి ఉండాలి. ఒక్కో క్యాప్సూల్‌లో పార్థినోలైడ్ ఎన్ని మిల్లీగ్రాములో ఉండాలి. బ్యాచ్ నంబరుతో ప్రయోగశాల పత్రం అడిగితే ఇవ్వగలగాలి. ఆ పత్రంలో పరీక్ష హెచ్‌పీఎల్‌సీతో, అంటే పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతితో, చేశారా అని చూస్తాను. పార్థినోలైడ్ అతినీలలోహిత కాంతిని 210 నానోమీటర్ల దగ్గర మాత్రమే చెప్పుకోదగ్గంత పీలుస్తుంది. ఆ దగ్గర ఇంకా చాలా పదార్థాలు పీలుస్తాయి, కాబట్టి వేరుచేయకుండా నేరుగా కొలిచిన అంకెకు విలువ లేదు. కాడలు కలిపి దంచిన పొడి చవకగా వస్తుంది. పార్థినోలైడ్ ఆకుల్లో, పూలలో ఉంటుంది, కాడల్లో చాలా తక్కువ. ఇంకో ప్రమాదం పేర్ల గందరగోళం. వయ్యారిభామను, అంటే పార్థీనియమ్ కలుపుమొక్కను, ఇంగ్లిష్‌లో కొన్నిచోట్ల ఫీవర్‌ఫ్యూ పేరుతోనే పిలుస్తారు. అది పూర్తిగా వేరే మొక్క, చర్మానికి తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. దాన్ని మైగ్రేన్ మందు అనుకుని ముట్టుకోవద్దు.

క్యాప్సూల్ విప్పి చూడటం మంచి అలవాటు. తాజా పొడి ఆకుపచ్చగా, ముక్కుకు కర్పూరం తగిలేలా ఉంటుంది, చిటికెడు నాలుక మీద వేస్తే చేదు వెంటనే పట్టేస్తుంది. గోధుమరంగుకు తిరిగి, ఎండుగడ్డి వాసన వస్తూ, చేదు కూడా చప్పబడితే ఆ సీసా పక్కన పెట్టండి. మూత గట్టిగా బిగించి, చీకట్లో, చల్లటి పొడిచోట ఉంచాలి. స్నానాల గది అలమర దీనికి పనికిరాదు.

వాడకంలో మొదట తెలుసుకోవాల్సింది, ఇది వచ్చిన నొప్పిని ఆపే మందు కాదు. రోజూ ఒకే వేళకు, తిన్న తర్వాత తీసుకోవాలి. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నెల తిరక్కుండానే లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. మానేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే తలనొప్పులు తిరగబడటం, నిద్ర పట్టకపోవడం, ఆందోళన, కీళ్లు బిగుసుకోవడం కొందరిలో కనిపిస్తాయి. 1985లో 17 మందితో జరిగిన చిన్న పరీక్షలో, అప్పటికే రోజూ ఆకు తింటున్నవాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇస్తే వాళ్ల నొప్పులు పెరిగాయి. కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, చామంతి జాతి పూలంటే ఎలర్జీ ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాల్సి ఉంటుంది కాబట్టి డాక్టరుకు ముందుగానే చెప్పాలి.

శొంఠి దారి వేరు. పచ్చి అల్లంలో జింజెరాల్ అనే ఘాటు పదార్థం ఎక్కువ. ఎండబెట్టినప్పుడు, వేడి తగిలినప్పుడు అది ఒక నీటి అణువును పోగొట్టుకుని షోగాల్‌గా మారుతుంది. షోగాల్ ఇంకా ఘాటు. అల్లాన్ని ఎక్కువసేపు మరిగిస్తే జింజెరాల్ విడిపోయి జింజెరోన్ వస్తుంది, ఘాటు తగ్గుతుంది. కాబట్టి అల్లం టీ, శొంఠి పొడి ఒకదానికి బదులు ఒకటి కావు. 2014లో వెలువడిన ఒక పరీక్షలో 100 మందిలో సగానికి 250 మిల్లీగ్రాముల అల్లం పొడి, సగానికి ట్రిప్టాన్ రకం మైగ్రేన్ మాత్ర అయిన సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండు గంటల తర్వాత ఉపశమనం ఇంచుమించు సమానంగా కనిపించింది. అయితే అందులో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న గుంపు లేదు, కాబట్టి శొంఠి ట్రిప్టాన్‌తో సమానం అని చెప్పుకోవడం తొందరపాటు. రోజూ తీసుకుంటే దాడులు రాకుండా ఆగుతాయా అని చూసిన బ్రెజిల్ పరీక్షలో, రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర కన్నా మేలు కనిపించలేదు. అందుకే దీన్ని దాడి మొదట్లోనే వాడతాను. టీస్పూనులో ఎనిమిదో వంతు, అంటే సుమారు పావు గ్రాము, గోరువెచ్చటి నీళ్లలో. మైగ్రేన్ ముదిరాక పొట్ట కదలికే మందగిస్తుంది, అప్పుడు ఏది మింగినా ఆలస్యంగా ఒంటికి పడుతుంది. వికారం మీద దీని పని బాగుంటుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు సరిపడదు.

బటర్‌బర్ గురించి నిక్కచ్చిగా చెప్పాలి, ఎందుకంటే నాలుగింటిలో బలమైన పరీక్షా ఫలితం దీనిదే. ఇదీ చామంతి కుటుంబపు మొక్కే, దీని దుంపలోని పెటాసిన్, ఐసోపెటాసిన్ అనేవి పనిచేసే పదార్థాలు. 2004లో 245 మందితో జరిగిన పరీక్షలో 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు తీసుకున్నవాళ్లకు దాడులు 48 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్రతో 26 శాతం. 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ దీనికి అత్యున్నత స్థాయి సిఫారసు ఇచ్చింది. కాలేయం దెబ్బతిన్న కేసుల కారణంగా 2015లో ఆ మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకుంది. అదే దుంపలో సెనెసియోనిన్ లాంటి పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. కాలేయంలోని ఎంజైములు వాటిని విషపు పైరోల్‌లుగా మారుస్తాయి, అవి అక్కడికక్కడే ప్రోటీన్లకు, డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. శుద్ధిచేసిన సారంలో ఈ ఆల్కలాయిడ్లు పది లక్షల్లో 0.08 వంతుకు మించకూడదన్న ప్రమాణం ఉండేది. అంత చిన్న మొత్తాన్ని పట్టుకోవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి, ఇంట్లో వాడేవాళ్లు దాన్ని సరిచూసుకునే దారి లేదు. శుద్ధిచేసిన సరుకు వాడినవాళ్లలో కూడా కాలేయ సమస్యలు నమోదయ్యాయి. తలనొప్పి తగ్గించుకోవడానికి కాలేయాన్ని పందెం కాయడం నాకు సమ్మతం కాదు.

పెప్పర్‌మింట్ నూనెకు నాలుగు మాటలు చాలు. అందులోని మెంథాల్ చర్మం మీది టీఆర్‌పీఎం8 చలి గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. ఒక వంతు నూనె, తొమ్మిది వంతులు ఇథనాల్ కలిపి కణతలకు, నుదుటికి రాసుకోవాలి, కళ్లకు దూరంగా. 1996 నాటి జర్మన్ పరీక్షలో ఇది పారాసిటమాల్‌తో సమానంగా నిలిచింది, కానీ అది ఒత్తిడి తలనొప్పి మీద. సాధారణ పుదీనా నూనెలో కార్వోన్ ఎక్కువ, మెంథాల్ చాలా తక్కువ, కాబట్టి అది దీనికి బదులు కాదు. పసిపిల్లల ముఖానికి అసలు రాయకూడదు, ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఏది వాడినా ముందు నాలుగు వారాలు మందు లేకుండా డైరీ రాయాలి: నొప్పి ఉన్న రోజులు, ఎన్ని గంటలు, ఏ మాత్ర, ఎన్ని. ఆ తర్వాత ఒక్క మూలికే మొదలుపెట్టి కనీసం పన్నెండు వారాలు అదే డైరీ కొనసాగించాలి. రెండు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పొట్ట చెడగొట్టిందో తేలదు. మాత్రల రోజులు విడిగా లెక్కపెట్టాలి. మూడు నెలలకు పైగా నెలకు 10 రోజులు లేదా ఎక్కువ ట్రిప్టాన్లు, 15 రోజులు లేదా ఎక్కువ మామూలు నొప్పి మాత్రలు పడుతుంటే, ఆ మాత్రలే తలనొప్పి తెస్తూ ఉండవచ్చు. ఆ స్థితిలో ఏ మూలికనూ పరీక్షించలేం, ముందు డాక్టరు సలహాతో మాత్రలు తగ్గించుకోవాలి. ఉన్నట్టుండి క్షణాల్లో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలూచేయీ పడిపోవడం లాంటివి కనిపిస్తే ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.