నెమలా, రాబందా: ముందు దేన్ని కాపాడుకోవాలి?

మహారాష్ట్రలో ప్రాణహిత నది ఒడ్డున ఉన్న మా సిరొంచ వైపు మిర్చి వేసే రైతు దగ్గర నెమలి పేరెత్తితే తిట్లే. మొలకలు గిల్లేస్తుంది మరి. రాబందు సంగతి అడగండి, "యాడున్నయి అవి ఇప్పుడు?" అంటాడు.

పక్షులే అయినా రెండింటికీ చుట్టరికం చాలా దూరం. నెమలి కోళ్ల కుటుంబం, రాబందు గద్దల కుటుంబం. వన్యప్రాణి చట్టం మాత్రం రెండింటినీ గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లోనే పెట్టింది. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే ప్రపంచ రెడ్ లిస్ట్‌లో అలా కాదు. నెమలికి పెద్ద ముప్పేమీ లేదు. తెల్లవీపు రాబందు, పొడుగుముక్కు రాబందు ఇరవై ఏళ్లకు పైగా అంతరించిపోయే అంచున ఉన్నాయి.

నెమలి 1963లో జాతీయ పక్షి అయింది, పైగా కుమారస్వామి వాహనం. గింజ, పురుగు, చిన్న పాము, ఏదైనా తింటుంది. ఒక్కో కాన్పుకు నాలుగైదు గుడ్లు. రాబందుది ఏడాదికి ఒక్కటే గుడ్డు. జటాయువు కథ చెప్పి కళ్లు తుడుచుకునే మనమే, అది ఇంటి మీద వాలితే అపశకునం అంటాం.

1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. చంపింది వేటగాడు కాదు, గొడ్డుకు వేసే నొప్పుల సూది. డైక్లోఫినాక్ అనే ఆ సూది వేశాక ఎద్దు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుకు కిడ్నీలు పాడవుతాయి. గుంపుగా వాలే పక్షి కాబట్టి గుంపంతా పోతుంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. మనుషులకు వేసే డైక్లోఫినాక్ పెద్ద సీసాలు గొడ్లకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపి, సీసాను 3 మి.లీ.కే పరిమితం చేశారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ అనే నొప్పి మందులనూ పశువులకు నిషేధించారు.

ప్రాణహిత ఎగువన, అవతలి ఒడ్డు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడ్డాయి. తిండి కోసం అవి ఎంత దూరమైనా ఎగురుతాయి. అక్కడ గూడు కాపాడి, ఇక్కడ చెడ్డ సూది వేస్తే ఏం లాభం?

అందుకే నా ఓటు రాబందుకే. నెమలికి భక్తి ఉంది, చట్టం ఉంది, పిల్లలూ ఎక్కువే. రైతుకు పంట నష్టం ఇప్పిస్తే దాని గొడవ చాలావరకు తీరుతుంది.

మొన్న మా గేదెకు జ్వరం వస్తే పశువుల డాక్టర్‌ను మెలోక్సికామ్ వేయమన్నాను. రాబందుకు దానితో హాని లేదు. "పిట్ట కోసం గొడ్డు మందు మారుస్తవా బిడ్డా?" అని మా పెద్దనాయన నవ్వాడు. గేదె మూడో రోజుకు మేతకు లేచింది.