చదువుతున్న పుస్తకాల రిజిస్టరు: ఏళ్ల తరబడి వాడాక

తిరుపతి బాలాజీ కాలనీ పక్కన ఆదివారం సాయంత్రాలు కలిసే మా చదువరుల మధ్య ఒక లాంగ్ రిజిస్టరు తిరుగుతూ ఉంటుంది. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో, ఎంతవరకు వచ్చారో, ఏమనిపిస్తోందో అందులో రాస్తారు. ఇన్నేళ్లు వాడిన మీదట గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. పుస్తకం ముగించాక రాసిన అభిప్రాయం కన్నా మధ్యలో ఉండగా రాసిందే పక్కవాళ్లకు ఎక్కువ అక్కరకొస్తుంది. ముగించినవాళ్లు "బాగుంది, అందరూ చదవాలి" అని తేల్చేస్తారు. నూట పాతికో పేజీలో ఉన్నవాళ్లు "మనుషులు ఎక్కువైపోయారు, ఎవరు ఎవరి తమ్ముడో వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వస్తోంది" అని రాస్తారు. ఆ పుస్తకం తీసుకోవాలా వద్దా అని చూస్తున్న మనిషికి కావలసింది ఈ రెండోదే.

రిజిస్టరు సంగతి ముందు. గట్టి అట్ట, గీతల కాగితం, కుట్టు బైండింగు ఉండాలి. జిగురుతో అతికించినవి చేతులు మారేకొద్దీ నడుం దగ్గర విరిగి కాగితాలు ఊడొస్తాయి. జెల్ పెన్ను వద్దు. ఈ రిజిస్టర్ల కాగితం పలచన, సిరా వెనక పేజీకి దిగుతుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో కాగితం చెమ్మగిల్లి, రాసింది చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్ పెన్ను చాలు.

ఎదురెదురు పేజీలు రెండూ కలిపి వాడాలి. ఎడమ పేజీ వివరాలకు, కుడి పేజీ మొత్తం అభిప్రాయానికి, దానికి వచ్చే జవాబులకు. మొదట్లో అన్నీ ఒకే పేజీలో గళ్లు గీసి ఇరికిస్తే అభిప్రాయానికి రెండంగుళాలే మిగిలేది. రెండంగుళాల గడిలో ఎంత బాగా చదివినవాళ్లైనా రాయగలిగేది "బాగుంది" ఒక్కటే. కుడి పేజీ వదిలేసిన దగ్గర్నుంచి రాతలు పొడుగయ్యాయి, వాదనలూ మొదలయ్యాయి.

ఎడమ పేజీలో తేదీ, చదువుతున్నవాళ్ల పేరు, పుస్తకం, రచయిత, అనువాదమైతే అనువాదకుల పేరు, ప్రచురణ, ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ప్రస్తుతం ఎక్కడున్నారు. ముద్రణ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అసలు గొడవంతా అక్కడే. మన నవలలు పాత ముద్రణలో సీసపు అక్షరాలతో కూర్చినవి, తర్వాత కంప్యూటర్ మీద మళ్లీ కంపోజ్ చేసినవి. అక్షరం సైజు మారింది, పేజీలు మారాయి. ఒకరి పుస్తకంలో 140వ పేజీ ఇంకొకరి దాంట్లో 112 అవుతుంది. ఇద్దరూ పేజీ నంబర్లు పట్టుకుని వాదించుకుంటారు, మాట్లాడుతున్నది మాత్రం రెండు వేర్వేరు ఘట్టాల గురించి. లోపలి అట్ట వెనక, "ప్రతులకు" అని ఉండే పేజీలో ముద్రణ వివరం దొరుకుతుంది. దాన్ని చూసి రాయాలి, దాంతో పాటు అధ్యాయం నంబరు కూడా వేయాలి. చిన్న ప్రచురణల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) ఉండదు కాబట్టి దాని మీద ఆధారపడలేం.

కథల సంపుటికి పేజీ నంబరు అక్కర్లేదు, కథ పేరు రాస్తే చాలు. ఫోనులో ఈ-బుక్ చదివేవాళ్లకు అక్షరం పెద్దది చేస్తే పేజీ మారిపోతుంది, వాళ్లూ అధ్యాయమే రాయాలి. పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్ అయితే తెర మీద కనిపించే అంకె వేరు, కాగితం మీద అచ్చయిన అంకె వేరు. ముఖపత్రం, ముందుమాటలు కూడా లెక్కలో కలవడం వల్ల వచ్చే తేడా అది. అచ్చయిన అంకే రాయాలి.

కావ్యాలు చదివేవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. ఆశ్వాసం (కావ్యంలో అధ్యాయం లాంటిది), పద్యం సంఖ్య వేస్తే ఏ ప్రచురణలోనైనా పట్టుకోవచ్చు. "అరణ్య. 4-142, శారదరాత్రులు" అని ఒక పెద్దాయన రాసిన పద్దు ఉంది మా రిజిస్టర్లో. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ భారతం ఆగిన చోటది, ఆ తర్వాత ఎర్రన అందుకున్నాడు. ప్రచురణను బట్టి సంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు, అందుకే పద్యం మొదటి మాట కూడా రాయడం మంచి పద్ధతి. ఆ పద్దు కింద ఆయన అడిగింది ఒకే ప్రశ్న: "ఇక్కణ్నుంచి నడక మారినట్టు చెవికి తెలుస్తోందా, లేక మారిందని ముందే తెలుసు కాబట్టి అలా అనిపిస్తోందా?" కుడి పేజీ నిండిపోయింది, జవాబులు పక్క పేజీలోకి పాకాయి. రిజిస్టరు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పేజీ అది.

కుడి పేజీలో ఏం రాయాలన్నదానికి మేం పెట్టుకున్న పద్ధతి: ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు, తర్వాత ఏం జరుగుతుందని అనుకుంటున్నారు. మూడోది ముఖ్యం. ముగించాక దాన్ని తిరిగి చూసుకుంటే రచయిత ఎక్కడ మనల్ని దారి మళ్లించాడో దొరుకుతుంది. జవాబు రాసేవాళ్లు వేరే రంగు సిరా వాడాలి. కథ బయటపెట్టే మాటైతే ముందుగా "పదో అధ్యాయం దాటినవాళ్లకు" అని రాసి, ఆ కింది సగం కాగితాన్ని లోపలికి మడవాలి. మడత పెట్టకుండా వట్టి హెచ్చరిక రాస్తే కళ్లు ఎలాగూ కిందికి జారతాయి.

ముందుమాటలతో ఒక చిక్కుంది. మన పుస్తకాలకు ఒకటి కాదు, రెండు మూడు ముందుమాటలుంటాయి. కొన్ని కథ మొత్తం చెప్పేస్తాయి. అవి చదివి రాసిన పద్దుల్లో ముందుమాట రాసినాయన మాటలే తిరిగి కనిపిస్తాయి. ముందుమాట ఆఖర్న చదవండి, లేదంటే "ముందుమాట చదివాను" అని ఎడమ పేజీలో ఒక టిక్కు పెట్టండి. ఆ టిక్కు చూస్తే ఏ అభిప్రాయం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

అయిదుకు ఇన్ని అని మార్కులు వేయడం కొన్నాళ్లు నడిపి మానేశాం. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇచ్చిన పుస్తకానికి ఎవరూ రెండు వేయరు. అన్నీ నాలుగులే.

అచ్చుతప్పుల జాబితా మాత్రం పెట్టుకోండి. కొత్త కంపోజింగులో ధ, థ తారుమారు కావడం, ఒత్తులు ఎగిరిపోవడం మామూలు. దీని వల్ల ఇంకో మేలు జరిగింది. మన చిత్తూరు వైపు రచయితల కథలు చదువుతూ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్లు కయ్య, మడక, ఎనుము లాంటివాటి దగ్గర అచ్చుతప్పులేమోనని ప్రశ్నార్థకాలు పెట్టేవాళ్లు. పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చే పిల్లలు పక్కనే వరి మడి, నాగలి, గేదె అని రాయడమే కాదు, ఏ ఊళ్లో ఎలా పలుకుతారో కూడా రాశారు. అంత సాయం ఏ నిఘంటువూ చేయదు.

చివరి పేజీల్లో అకారాది సూచిక ఉండాలి, లేకపోతే ఆరు నెలలకే రిజిస్టర్లో ఏదీ దొరకదు. ఇంటిపేరుతో వేయాలా, అసలు పేరుతోనా, కలం పేరుతోనా అన్నది తెలుగులో పెద్ద తలనొప్పి. శ్రీశ్రీ కోసం ఎవరూ శ్రీరంగం అని వెతకరు. రావిశాస్త్రి కోసం ఒకరు "రా"లో రావి దగ్గర చూస్తే, ఇంకొకరు రాచకొండ దగ్గర చూస్తారు. కొడవటిగంటి కుటుంబరావును కొ.కు. అని రాసేవాళ్లూ ఉన్నారు, కుటుంబరావు అని రాసేవాళ్లూ ఉన్నారు. అట్ట మీద ఎలా అచ్చయిందో అలాగే వేసి, రెండో పేరు దగ్గర "ఫలానా చూడు" అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది.

ఎరువిచ్చిన పుస్తకాల లెక్క ఇందులో కలపకండి. కలిపితే అభిప్రాయం రాయడానికి తెరిచిన పేజీ బాకీల చిట్టా అవుతుంది, పుస్తకం తిరిగివ్వనివాళ్లు మొహమాటంతో రాయడమే మానేస్తారు. దానికి వేరే చిన్న నోటుబుక్కు పెట్టండి.

వాట్సాప్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. అట్ట ఫొటో పంపడానికి, ఎక్కడ దొరుకుతుందో అడగడానికి అది మేలే. పోయిన ఏడాది ఎవరో ఆ నవల మధ్యలో ఏమన్నారో వెతకాలంటే మాత్రం ఫార్వర్డుల కింద పడి దొరకదు. ఊళ్లో లేనివాళ్ల కోసం కుడి పేజీ ఫొటో తీసి పంపుతాం, వాళ్ల జవాబు ఎవరో ఒకరు చేత్తో ఎక్కిస్తారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో కొండ మీద డ్యూటీలు పడే సభ్యులకు ఇలాగే నడుస్తుంది.

పది పన్నెండు మందికి ఒక రిజిస్టరు చక్కగా సరిపోతుంది. అంతకు మించితే సాయంత్రమంతా వరసలో కూర్చోవడమే అవుతుంది, రెండోది తెరవడం మంచిది. రెండోది తెరిచినప్పుడు పాతదాని సూచికను అందులోకి తిరగరాయండి. పాత రిజిస్టరు బీరువాలోకి పోతే, అందులో సగంలో ఆగిపోయిన పుస్తకాల్ని మళ్లీ అడిగేవాళ్లుండరు.