నాలుగేళ్ల అప్లైడ్ ఆర్ట్, మధ్యలో ఛత్తా బజార్ ప్రెస్సు: ఆరేళ్ల తర్వాత నా సమీక్ష

"మా అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది, డిజైన్‌లో చేర్పించమంటావా?" అని ఈ ఏడాది కూడా ముగ్గురు నలుగురు అడిగారు. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నేను 2015లో హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అప్లైడ్ ఆర్ట్‌లో, అంటే పోస్టర్లు, ప్రకటనలు, ప్యాకింగ్ లాంటివి డిజైన్ చేయడం నేర్పే కోర్సులో చేరి 2019లో పూర్తి చేశాను. అప్పటి నుంచీ డిజైనే నా ఉద్యోగం. కాలేజీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క కాలేజీవి కావు, వేరే ఊళ్లలో చదివిన స్నేహితులు కూడా దాదాపు ఇవే చెప్పారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుకి మళ్లీ వెళ్తే మళ్లీ ఇదే కోర్సులో చేరతాను. కాకపోతే సెకండ్ ఇయర్ వేసవిలో ఒక ప్రెస్సులో చేసిన ఆరు వారాల పని లేకపోతే, ఆ నాలుగేళ్ల చదువు నాకు సగమే పనికొచ్చేది.

చేరడం గురించి ఎక్కువ రాయను. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫర్వాలేదు, నాది ఎంపీసీ. తెలంగాణలో బీఎఫ్ఏకి జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డ్యాట్ అనే పరీక్ష, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట బీడిజైన్‌కి యూసీడ్ అనే పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి సొంతంగా ఎన్ఐడీ కూడా వచ్చింది. పరీక్షకి ముందు రోజూ రెండు గంటలు చూసి గీయడం, గుర్తుపెట్టుకుని గీయడం అలవాటు చేసుకుంటే చాలు. నేను ఏ కోచింగ్‌కీ వెళ్లలేదు. మా జనగామ బస్టాండ్‌లో కూర్చుని జనాన్ని గీసేదాన్ని.

మొదటి రెండేళ్లు దాదాపు అంతా చేతిపనే. హాఫ్ ఇంపీరియల్ సైజు డ్రాయింగ్ షీటు, పోస్టర్ కలర్లు, ఫ్లాట్ బ్రష్. కంప్యూటర్ మాటే లేదు. అప్పట్లో నాకు చాలా కోపం వచ్చేది. లక్షలు పోసి చేరింది తెలుపులో నలుపు కలిపి తొమ్మిది మెట్ల బూడిద రంగు వేయడానికా అనిపించేది. ఆ తొమ్మిది గళ్లలో పక్కపక్క గళ్ల మధ్య తేడా సమానంగా లేదని మా సార్ ఆరుసార్లు తిప్పి పంపారు. ఏడోసారి షీటు గోడకి పెట్టి, కళ్లు సగం మూసి చూడమన్నారు. అప్పుడు కనిపించింది, ఐదో గడికీ ఆరో గడికీ మధ్య ఒక గెంతు ఉంది. ఇప్పుడు స్క్రీన్ మీద ఏ డిజైన్ చూసినా ముందు కళ్లు సగం మూసే చూస్తాను. ఏది ముందుకొస్తోంది, ఏది వెనక్కి పోతోంది అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఈ చూపు ఏ సాఫ్ట్‌వేర్ వీడియో నుంచీ నాకు రాలేదు. అందుకే ఫస్ట్ ఇయర్ పిల్లలు "మాకు ఇంకా ఫొటోషాప్ నేర్పట్లేదు అక్కా" అంటే, కాస్త ఓపిక పట్టమనే చెప్తాను. ఆదివారాలు సికింద్రాబాద్ స్టేషన్లో కూర్చుని స్కెచ్‌లు వేసిన పుస్తకాలు ఇప్పటికీ దాచుకున్నాను. నా పోర్ట్‌ఫోలియోలో ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎక్కువసేపు ఆగింది కూడా ఆ పేజీల దగ్గరే.

ఇక ప్రెస్సు సంగతి. సెకండ్ ఇయర్ అయ్యాక "ఎక్కడైనా ఆరు వారాలు పనిచేసి సర్టిఫికెట్ తీసుకురండి" అని కాలేజీ చెప్పింది, ఎక్కడ చేయాలో మాత్రం చెప్పలేదు. క్లాసులో చాలామంది తెలిసిన ఆఫీసుల నుంచి కాగితం తెచ్చుకున్నారు. నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. మా హాస్టల్ వార్డెన్ అక్క వాళ్ల చుట్టాల పెళ్లి కార్డులు ఛత్తా బజార్‌లో వేయించారని విని, ఆ అడ్రసు పట్టుకుని వెళ్లాను.

ఛత్తా బజార్ చూడనివాళ్ల కోసం చెప్తాను. పాతబస్తీలో పెళ్లి కార్డులకి పేరున్న వీధి అది. ఉర్దూ కార్డులు, తెలుగు కార్డులు, ఇంగ్లీషు కార్డులు అన్నీ అక్కడే. నేను చేరిన ప్రెస్సు రెండు గదుల షాపు. ముందు గదిలో శాంపిల్ కార్డులు, వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ (సన్నటి జాలీ గుడ్డ గుండా ఇంకు నెట్టి అచ్చు వేయడం) బల్లలు, ఒక మూల డీటీపీ, అంటే మ్యాటర్ టైపు చేసి పేజీ కూర్చే కంప్యూటరు. కలర్ కార్డుల ఆఫ్‌సెట్ (ప్లేట్లతో మిషన్ మీద వేసే అచ్చు) పని పక్క సందులో ఇంకో ప్రెస్సుకి ఇచ్చేవాళ్లు. స్టైపెండ్ లేదు, మధ్యాహ్నం భోజనం మాత్రం వాళ్లే పెట్టారు.

రెండో వారంలో నాకు మొదటి కార్డు ఇచ్చారు. లోపలి కాగితం మీద బంగారు రంగు ఇంకులో తెలుగు మ్యాటర్ రావాలి. నేను సన్నటి ఫాంటు ఎంచుకుని, ఎనిమిది పాయింట్ల సైజులో, చుట్టూ బోలెడు ఖాళీ వదిలి చాలా అందంగా పెట్టాను. కంప్యూటర్ తెర మీద కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. ఫిల్మ్ తీశారు, దాన్ని వెలుగుతో జాలీ స్క్రీన్ మీదికి ఎక్కించారు. ప్రింటింగ్ చేసే అన్న మొదటి కార్డు లాగి, ఇంకు ఆరకముందే నన్ను పిలిచాడు.

"చెల్లె, ఇగ చూడు. ఈ ధ కింద గీత ఏది?"

పెళ్లికూతురి పేరులో ఒక ధ ఉంది. దాని కింద ఉండాల్సిన చిన్న గీత అచ్చులో పడలేదు, అక్కడ ద మాత్రమే ఉంది. మూడో వరుసలో క్ష్మ దగ్గర సందులన్నీ ఇంకుతో పూడిపోయి ఒక బంగారు ముద్ద అయింది. "గోల్డ్ ఇంకు చిక్కగ ఉంటది. బొచ్చంత గీత స్క్రీన్ల నిలవది, బొచ్చంత సందు ఇంకుల నిలవది. రేపు వాళ్లొచ్చి పేరు తప్పుపడ్డదని కార్డులన్నీ మన మొహాన కొడతరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ స్క్రీను కడిగేసి, ఆ రాత్రి నేను పదకొండు పాయింట్లలో, కొంచెం లావు ఫాంటులో మళ్లీ పెట్టాను. పొద్దున ప్రింటు సరిగ్గా వచ్చింది.

అదే అన్న ఇంకో రోజు ఆఫ్‌సెట్ ప్రెస్సుకి తీసుకెళ్లి, భూతద్దం చేతికిచ్చి నేను చేసిన ఒక కవర్ చూపించాడు. నా నల్లటి అక్షరాల అంచుల్లో సన్నగా గులాబీ, నీలం పొరలు కనిపించాయి. నేను ఫైలు ఆర్‌జీబీలో, అంటే కంప్యూటర్ తెర వాడే రంగుల్లో చేసి, ప్రెస్సుకి పంపేముందు అచ్చులో వాడే సీఎంవైకే (నీలం, గులాబీ, పసుపు, నలుపు) రంగుల్లోకి మార్చాను. దాంతో నలుపు కాస్తా రంగుకొకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లలోకి పోయింది. కాగితం వెంట్రుకవాసి జరిగినా చాలు, నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోవు, అక్షరం మసకబారుతుంది. చిన్న అక్షరాలు ఎప్పుడూ ఒక్క నలుపు ప్లేటులోనే ఉండాలి. సీఎంవైకే అంటే ఏమిటో క్లాసులో నోట్సు రాసుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. అది చేతికి తగిలింది మాత్రం ఆ రోజే.

ఆ షాపులో ఉర్దూ పేర్లు రాయడానికి వారానికి రెండుసార్లు ఒక పెద్దాయన వచ్చేవారు. కలం నూరుకుని, కలం మొన వెడల్పుతో ఒక చుక్క పెట్టి, అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల పొడవు అని కొలిచి చూపించేవారు. "మీ తెలుగులో ఎట్ల కొలుస్తారు బేటీ?" అని ఒకసారి అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. రెండేళ్ల లెటరింగ్ క్లాసుల్లో నేను రోమన్ అక్షరాల సెరిఫులు (గీతల చివర ఉండే చిన్న కొసలు), ఎక్స్ హైట్ (చిన్న అక్షరాల ఎత్తు), కర్నింగ్ (అక్షరాల మధ్య సందు సరిచేయడం) నేర్చుకున్నాను. తెలుగు అక్షరం మీద మొత్తం కలిపి ఒక వారం పని ఇచ్చారు, అదీ పండగ గ్రీటింగ్ కార్డు కోసం.

ఈ కోర్సు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. తలకట్టు ఎంత ఎత్తులో పెట్టాలి, వత్తు కిందికి దిగితే కింది వరుస గుడితో ఢీకొనకుండా వరుసల మధ్య ఎంత వదలాలి, ఇంగ్లీషు పదం పక్కన తెలుగు పదం పెడితే ఏ సైజు దగ్గర రెండూ సమానంగా కనిపిస్తాయి అన్నవి నాకు ఎవరూ నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా దారుణం. థర్డ్ ఇయర్‌లో ల్యాబ్‌లో ఫొటోషాప్ తెరిచి "స్త్రీ" అని టైపు చేస్తే అక్షరాలు విడివిడిగా, మధ్యలో పొల్లులతో వచ్చేవి. "తెలుగు సపోర్ట్ చేయదు, ఇంగ్లీషులో చేసుకోండి" అన్నారు. నిజానికి అప్పటికే ఆ సౌకర్యం అందులో ఉంది. ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ ఎంపిక చేస్తే వత్తులు వాటి చోటికి వస్తాయి. తర్వాతి వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ లేఅవుట్ అన్నారు. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క తెలియక నా బ్యాచ్ మొత్తం ఫైనల్ ఇయర్ పోస్టర్లు ఇంగ్లీషులో చేసింది. బతుకమ్మ మీద చేసిన పోస్టర్ కూడా ఇంగ్లీషే.

ప్రెస్సుల్లో చాలావరకు అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లే వాడేవాళ్లు. అందులో కొట్టిన మ్యాటర్ యూనికోడ్‌లో (ఇప్పుడు ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే పద్ధతి) అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, కన్వర్ట్ చేశాక మళ్లీ అక్షరం అక్షరం చదివి సరిచూడాలి. సిలికానాంధ్ర అనే అమెరికా తెలుగు సంస్థ వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి, రామరాజ, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. నేను వీటితోనే మొదలుపెట్టాను. బాపు గారి చేతిరాతను ట్రేసింగ్ పేపర్ మీద ఎక్కించుకుని, ఆయన గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో చూసి నేర్చుకున్నదే ఎక్కువ. సిలబస్‌లో లేదని ఆగిపోవద్దని నా తర్వాత వచ్చేవాళ్లకి గట్టిగా చెప్తాను.

ఆరో సెమిస్టర్‌లో నాలుగు నెలలు ఒక యాడ్ ఏజెన్సీలో చేశాను. పెద్ద పేరు, అద్దాల ఆఫీసు, ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకు ఇచ్చిన పని మాత్రం ఒక్కటే, ఎవరో చేసిన డిజైన్‌ని పదిహేను సైజుల్లోకి మార్చడం. పండగొస్తే శుభాకాంక్షల పోస్టు. క్లయింటు మీటింగ్‌కి ఒక్కసారి కూడా పిలవలేదు. రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టేవాళ్లు, హాస్టల్ గేటు మూసేస్తారని రోజూ టెన్షనే. ఒప్పుకున్న నెలకి ఐదు వేలలో మొదటి రెండు నెలలదే ఇచ్చారు, సర్టిఫికెట్ కోసం మూడు నెలలు తిరిగాను. కాలేజీ నుంచి కూడా "ఏం నేర్చుకుంటున్నావమ్మా" అని ఒక్కరూ ఫోన్ చేయలేదు. వేగం వచ్చింది, ఫైళ్లకి పేర్లు పద్ధతిగా పెట్టడం వచ్చింది, అంతే. భోజనం తప్ప జీతం లేని ఛత్తా బజార్ షాపు నాకు పదింతలు నేర్పింది.

ఇప్పుడు నేను పచ్చళ్లు, పొడులు, చిరుతిళ్లు తయారుచేసే చిన్న కంపెనీలకి ప్యాకింగ్ డిజైన్ చేస్తున్నాను. రోజువారీ పనిలో అందం వాటా తక్కువ, నియమాల వాటా ఎక్కువ. శాకాహారం గుర్తు ఆకుపచ్చ చుక్క చదరంలో ఉండాలి. మాంసాహారానికి ఇప్పుడు గోధుమరంగు త్రికోణం. పచ్చడి ఎర్రగా ఉంది కదా అని బార్‌కోడ్ గీతలు ఎరుపులో పెట్టకూడదు, స్కానర్ వెలుగు కూడా ఎరుపే కాబట్టి దానికి ఆ గీతలు కనిపించవు. ఒక కొత్త క్లయింటు అలాగే వేయించుకొచ్చిన పౌచ్‌లు మా ఆఫీసు బీరువాలో ఇంకా ఉన్నాయి, చేరిన ప్రతివాళ్లకీ చూపిస్తాను. ఈమధ్య క్లయింట్లు ఏఐతో చేయించిన బొమ్మలు తెస్తున్నారు. కొన్ని బాగానే ఉంటాయి. వాటిని మూడు మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (కత్తిరించే అంచు దాటి అదనంగా వదిలే రంగు), సరైన రంగులతో ప్రింటుకి సిద్ధం చేసి, తెలుగు పేరు తప్పు లేకుండా కూర్చోబెట్టే పని మాత్రం ఇంకా మా చేతికే వస్తోంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఫీజు కాలేజీని బట్టి మారుతుంది, అది అందరూ లెక్కేసుకుంటారు. రంగులు, షీట్లు, మౌంట్ బోర్డులు, ప్రింటవుట్లు ఎవరూ లెక్కేయరు. నాకు ఏడాదికి పాతికవేల దాకా అయ్యేది, జ్యూరీ నెలలో, అంటే చేసిన పనులన్నీ పరీక్షకులకి చూపించే నెలలో ఇంకా ఎక్కువ. ల్యాప్‌టాప్ థర్డ్ ఇయర్ దాకా కొనకండి, అప్పటికి ఏది కావాలో మీకే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టలేకపోతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, క్రీటాతో మొదలుపెట్టండి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు ముందు నిలబడి ఫొటోలు తీసుకోకండి. ఫైనల్ ఇయర్ పిల్లల్ని పట్టుకుని నాలుగు విషయాలు అడగండి. పనికి ఎక్కడికి పంపారు, ఏ సెమిస్టర్‌లో పంపారు, అక్కడ ఏం చేశారు, సార్లు ఎవరైనా వచ్చి చూశారా. ఆంధ్రప్రదేశ్‌లో మామూలు డిగ్రీలకే పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కాబట్టి ఆ మాట ఇప్పుడు ప్రతి బ్రోచర్‌లో ఉంటుంది. సర్టిఫికెట్ తప్ప చెప్పడానికి ఏమీ లేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి. తెలుగులో చేసిన పోస్టర్లు ఉన్నాయా అని కూడా అడగండి. గోడ మీద ఒక్కటైనా కనిపిస్తే ఆ కాలేజీకి నా తరఫున ఒక మార్కు ఎక్కువ.

వచ్చే మే నెలలో మా ఆఫీసుకి ఇద్దరు సెకండ్ ఇయర్ అమ్మాయిలు ఆరు వారాలకి వస్తున్నారు. స్టైపెండ్ ఎంతో ముందే కాగితం మీద రాసిచ్చాం. మొదటి పది రోజులు వాళ్లకి కంప్యూటర్ ఇవ్వడం లేదు. ఛత్తా బజార్ అన్నకి ఫోన్ చేశాను, పొద్దున పదింటికి పంపమన్నాడు.