హాస్టెల్లాయ్ సీ-276: 11 ఏళ్లు వాడాక

మా రియాక్టర్‌లో డిప్ పైపు (ద్రవంలో మునిగి ఉండే పైపు) మొదట 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుది. లోపలి ద్రవంలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త ఫెర్రిక్ క్లోరైడ్. వారాల్లోనే పైపు నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు. ప్రతి షట్‌డౌన్‌కీ అదే టెన్షన్. చివరికి హాస్టెల్లాయ్ సీ-276 అనే నికెల్ మిశ్రమానికి మారాం. అదే పైపు ఇప్పటికీ పనిచేస్తోంది.

నికెల్ మిశ్రమం అనగానే ఉక్కు కంటే ఎంతో బలమని చాలామంది అనుకుంటారు. సీ-276 విషయంలో అది పొరపాటు. దీని కనీస యీల్డ్ బలం (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 283 మెగాపాస్కల్స్ మాత్రమే, మామూలు ఉక్కు కంటే పెద్ద తేడా లేదు. తెగే ముందు మాత్రం కనీసం 40 శాతం సాగుతుంది. మాకు కావలసింది బలం కాదు, మందం తగ్గకపోవడం. ఆ పని చేసేది ఇందులో 15 నుంచి 17 శాతం ఉండే మాలిబ్డినం, దానికి తోడు క్రోమియం, టంగ్‌స్టన్. తుప్పుతో పాటు బరువు కూడా మోయాలంటే నేను 625 అనే మరో నికెల్ మిశ్రమం అడుగుతాను. నియోబియం ఉన్నందువల్ల ఎనీల్ చేసిన (వేడి చేసి మెత్తబరచిన) స్థితిలోనే దాని కనీస యీల్డ్ 414 మెగాపాస్కల్స్ ఉంటుంది.

శుద్ధ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి హాస్టెల్లాయ్ బీ-2 అనే నికెల్-మాలిబ్డినం మిశ్రమం గొప్పదే. కానీ ద్రవంలో ఫెర్రిక్ అయాన్లు ఉంటే దాని జోలికి వెళ్లొద్దు, అవి దాన్ని త్వరగా తినేస్తాయి.

ఇబ్బంది పెట్టింది వెల్డింగే. మొదటి జాయింట్‌కి డై పెనెట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి ఎర్ర రంగు ఇంకించి, తెల్ల పొడి మీద తేలేలా చూసేది) చేస్తే, తెల్లటి డెవలపర్ మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. అంతకుముందు మార్కర్‌తో కొలత గీసింది సరిగ్గా అక్కడే! గంధకం ఉన్న సిరా, గ్రీజు ఏది మిగిలినా వేడికి నికెల్‌తో కలిసి తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే పొరగా మారుతుంది, చల్లారేటప్పుడు అక్కడే పగులుతుంది. అప్పటినుంచి వెల్డర్ ముందు నేనే నిలబడి అసిటోన్‌తో తుడిపిస్తాను. ఒక్కో పాస్ (వెల్డింగ్ పొర) 93 డిగ్రీల లోపుకు చల్లారాకే తర్వాతిది.

లేత్ మీద కూడా ఇది మొండిదే. టూలు కోయకుండా రుద్దుతూ నిలిచిందంటే ఆ చోటు గట్టిపడిపోతుంది. నెమ్మదైన వేగం, లోతైన కోత మంచిది. బోల్టులకు యాంటీ సీజ్ పూయకపోతే థ్రెడ్లు పట్టేస్తాయి, కోసి తీయాల్సిందే.

మొన్నటి షట్‌డౌన్‌లో మందం కొలిస్తే పైపు దాదాపు మొదట్లో ఉన్నట్టే ఉంది. ఫ్లేంజ్ దగ్గర గాస్కెట్ కింద మాత్రం గోటికి తగిలేంత గుంట కనిపించింది. గాస్కెట్ మార్చాను. వచ్చే షట్‌డౌన్‌లో ముందుగా విప్పేది ఆ ఫ్లేంజే.